కంచరి యింటి చేప

మా గంజాం జిల్లాను చూడవచ్చిన బంధుమిత్రులు మొదట గోపాలపుర సముద్రతీరమును, పిదప చిలికా సరస్సును, తీరిక యున్నచో ఋషికుల్యా నది యొడ్డున కొండపై వెలసిన తారాతారిణి ఆలయమును దర్శించి మరలిపోవుదురు. భంజనగరమునకు చేరువనున్న బెలగుంఠకు పోవువారు అరుదు. అచట పెద్ద కోటలు లేవు. పేరుమోసిన తీర్థము లేదు. అయినను ఆ చిన్న పట్టణము పేరు దూరదేశములందలి హస్తకళా విక్రయశాలలలో వినబడుచున్నది. దానికి కారణము ఒక చేప. అది నీటిలో పుట్టినది కాదు, కొలిమిలో పుట్టినది. ఇత్తడితో చేసిన యా చేపను నడుముపట్టి యెత్తినచో, అప్పుడే వలనుండి తీసిన మీనువలె అటునిటు మెలికలు తిరుగును. శుభకార్యములందు కానుకగా నిచ్చుటకును, ఇంట నుంచుకొనుటకును ఈ ప్రాంతపు ఒడియా సోదరులు దానిని మంగళకరముగా భావింతురు.

గత శీతకాలమున మా తొమ్మిదవ తరగతి విద్యార్థులతో నేనును, మా పాఠశాల ఒడియా ఉపాధ్యాయులును ఆ యూరికి పోయి వచ్చితిమి. ఈ ప్రయాణము తలపెట్టుటకు ఒక కారణము కలదు. వృత్తిపదములను గూర్చిన పాఠము చెప్పుచు నేను కొలిమి, తిత్తి, దాకలి, పట్టకారు, కమ్మచ్చు అను మాటలకు అర్థములు వ్రాయించుచుంటిని. ఒక బాలిక లేచి, “మాస్టారూ, కమ్మచ్చు అనగా తీగెను సాగదీయు సాధనమని వ్రాసికొంటిమి. అది ఎట్లుండును? మీరు చూచితిరా?” అని యడిగెను. బొమ్మ గీసి చూపవచ్చును. కాని గీసిన కొలిమికి వేడి యుండదు, గీసిన సుత్తికి చప్పుడుండదు. మాటను మాత్రమే చూచి వస్తువును చూడని చదువు మన పిల్లలకు నానాటికి హెచ్చుచున్నది. మా ఒడియా ఉపాధ్యాయులకు బెలగుంఠలో ఒక కంచరి కుటుంబముతో పరిచయముండుటచే ఆ లోపమును కొంత తీర్చుకొను నవకాశము దొరకెను.

ఉదయమున బరంపురమున బస్సెక్కి హింజిలి మీదుగా అస్కా చేరితిమి. అస్కా చక్కెరకు పేరుపొందిన యూరు. అచ్చటనే బడానది ఋషికుల్యలో గలియుచున్నది. అస్కా దాటిన పిమ్మట పిల్లలకు చూపవలెనని కొంత చుట్టు తిరిగి భేట్నై, బలిపదర ప్రాంతపు పొలముల నడుమ పోయితిమి. కోతలైన మళ్లలో కృష్ణజింకలు మేయుచుండెను. మగవానికి మెలికలు తిరిగిన కొమ్ములు, నల్లని వీపు, తెల్లని పొట్ట. ఆడుదానికి కొమ్ములు లేవు, ఒడలు లేత గోధుమవన్నె. పైరును మేసినను ఆ పల్లెలవారు వాటిని కొట్టరు, తరుమరు. పూర్వమెన్నడో వానలు లేక కరవు వచ్చినప్పుడు ఈ జింకలు రాగానే వర్షము కురిసెనని వారి నమ్మకము. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చుటకు ఎంతో ముందుగానే ఆ నమ్మకమే వాటికి చట్టమయ్యెను. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువని చెప్పగా ఒక పిల్లవాడు, “అయితే ఇవికూడ మనవలెనే సరిహద్దుకు ఈవల నుండిపోయినవి కాబోలు” అనెను. బస్సులోనివారందరు నవ్విరి. 1936 ఏప్రిల్ 1వ తేదీన గంజాం ప్రాంతము మద్రాసు రాజధాని నుండి విడివడి నూతన ఒడిశా రాష్ట్రమున జేరినప్పుడు మన తాతముత్తాతలు ఎక్కడికిని కదలలేదు. గీత మాత్రమే కదలినది. జింకలకు ఆ గీతతో పనిలేదు.

మేము చూడబోయిన యిల్లు మూడు భాగములుగా నున్నది. వీధివైపు గది అంగడి; నడిమి వాకిలి పనిశాల; వెనుకది పెరడు. అంగడిలో ఇత్తడి చేపలు, పాములు, ఏనుగులు, దీపపు కుందెలు వరుసగా బేర్చియున్నవి. కాని పిల్లలు అచ్చట నిలువలేదు. నడవ చివర తెరచియున్న తలుపులోనుండి పెరడు కనబడగానే అందరును అటు పరుగెత్తిరి. అరటిచెట్ల నీడలో రెండు ఇనుప జింకలు నిలిచియున్నవి. బంతిమళ్ల నడుమ ఒంటికాలి కొంగలు, గోడప్రక్క పురివిప్పిన నెమలి, నూతిపళ్లెము దగ్గర ఒక పెద్ద తాబేలు. అన్నియు ఇనుపరేకును కత్తిరించి, వంచి, అతికి చేసినవే. ఋషికుల్య సముద్రమున గలియుచోట వేలకొలది తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకు వచ్చునని మన పాఠకులెరుగుదురు. ఆ తాబేలికి అదియే మాతృక. ఈ యినుప మృగముల నడుమ నిజమైన ప్రాణులును లేకపోలేదు. ఒక ఆవు, దాని లేగ, రెండు మేకలు, కొన్ని కోళ్లు, ఒక బూడిదవన్నె పిల్లి ఆ యింటనున్నవి. లేగదూడ ఇనుప జింక మెడను నాకుచుండెను. కోడిపెట్ట యొకటి తాబేలు వీపు నెక్కి కదలక కూర్చుండెను. మా వాడొకడు ఇత్తడి చేపను తెచ్చి పిల్లి ముందు ఆడించెను. పిల్లి ఒకసారి దానిని, ఒకసారి వానిని చూచి, ఆవలించి కన్నులు మూసికొనెను.

ఆ యింట పెద్ద డెబ్బదేండ్లు దాటిన వృద్ధుడు. ఆయన మనుమడు ఆయనను “జేజే” అని పిలువగా మా తెలుగు పిల్లలు ముసిముసి నవ్వులు నవ్విరి. మనకు జేజే యనగా చంటిపిల్లలు దండము పెట్టు దేవుడు. ఒడియాలో తండ్రికి తండ్రి. రెండును దండము పెట్టదగినవారే యని చెప్పితిని. వృద్ధుడు, ఆయన భార్య, ఇద్దరు కుమారులు, కోడండ్రు, పదేండ్ల మనుమడు. అందరికిని ఆ వృత్తిలో ఏదో యొక పని కలదు. ముసలమ్మ చింతపండు గుజ్జుతో చేపలను తోమి మెరుగు పెట్టుచుండెను. పెద్దకోడలు చిన్న చిన్న పొలుసులను పరిమాణమునుబట్టి వేరుచేసి గిన్నెలలో వేయుచుండెను.

పెద్ద కుమారుడు మాకు పని యంతయు విప్పి చెప్పెను. ఇత్తడి స్వతంత్ర లోహము కాదు. రాగి ఎక్కువ పాలు, తుత్తునాగము తక్కువ పాలు కలిపినచో ఇత్తడి యగును. రాగిలో తగరము కలిపినచో కంచు. రాగి కరగుటకు 1085 డిగ్రీల వేడి కావలెను. తుత్తునాగము 907 డిగ్రీలకే మరగి ఆవిరియై, గాలి తగులగానే తెల్లని పొగయగును. కావుననే రెంటిని కలుపువాడు ఏమరరాదు. ఏమరినచో మూసలోని తుత్తునాగము పొగయై అతని రొమ్ములోనికి పోవును. పనిచేయునంతసేపు ఆ వృద్ధుడు దగ్గుచునే యుండుట మేము గమనించితిమి. కొత్త లోహము కొనుట ప్రియమగుటచే వారు పగిలిన బిందెలను, చిల్లుపడిన గంగాళములను తూకమునకు కొని కరగింతురట. మన అవ్వల పెండ్లినాటి గంగాళములలో ఎన్ని ఈనాడు చేపలై యున్నవో!

కరగిన లోహమును కడ్డీగా పోసి, దాకలిపై నుంచి సుత్తితో సాగగొట్టుదురు. కొట్టినకొలది ఇత్తడి గట్టిపడును. ఇంకను కొట్టినచో పగులును. కావున దానిని మరల కొలిమిలో కాచి మెత్తపరుపవలెను. ఇట్లు కొట్టుటయు కాచుటయు పలుమారులు జరిగిన పిమ్మట సన్నని కడ్డీని కమ్మచ్చులో దూర్చి పట్టకారుతో లాగుదురు. కమ్మచ్చు అనగా వరుసగా రంధ్రములున్న ఉక్కుపలక. ఒక్కొక్క రంధ్రము ముందుదానికంటె సన్నము. పెద్దదానితో మొదలుపెట్టి చిన్నదానివరకు వచ్చుసరికి కడ్డీ తీగెయగును. ప్రశ్న యడిగిన బాలిక తానును ఒకసారి లాగి చూచెను. తీగె జానెడు వచ్చునప్పటికి ఆమె చేతులు ఎఱ్ఱబారెను.

తీగెను, రేకును కత్తిరించి పొలుసులను, వలయములను చేయుదురు. తల వేరు, తోక వేరు, రెక్కలు వేరు. మొప్పలవద్ద పెద్ద వలయములతో మొదలుపెట్టి తోకవైపు చిన్నవానితో ముగియునట్లు ఒకదానిలో నొకటి దూర్చి కూర్చుదురు. ఇక మిగిలినది అతుకు పెట్టుట. వెలిగారము చల్లి, టంకముంచి, సన్నని మంట నూదుచు ఒక్కొక్క వలయము నోరు మూయుదురు. “ఇక్కడనే పనివాడు తెలియబడును, ఆజ్ఞా!” అని పెద్ద కుమారుడు చెప్పెను. “వలయము తన నోరు తాను మూసికొనవలెను; ప్రక్కదానిని అంటరాదు. టంకము ఒక్క చుక్క జారి రెండు వలయములు అతికికొన్నచో అచ్చట చేప వంగదు. దానిని మేము చచ్చిన చేప యందుము.” అట్టివానిని మరల కొలిమిలో వేయుదురట.

పిల్లలు తమ పుస్తకములలో తెలుగు మాటల యెదుట ఒడియా మాటలను వ్రాసికొనిరి. ఇత్తడి వారికి పితళ. చేప వారికి మాఛ. మనము పుస్తకములందు మత్స్యమనుచున్నదే వారి నోట మాఛయైనది. కాంస్యమనునది మనకు కంచు, వారికి కంసా; కాంస్యకారుడు మనకు కంచరి, వారికి కంసారి. ఇది విని వృద్ధుడు, “మీ కంచరి, మా కంసారి అన్నదమ్ములా యేమి?” యని యడిగెను. ఔనని మా ఒడియా ఉపాధ్యాయులు చెప్పగా, “అన్నదమ్ములైనచో కొలుములు వేరైన నేమి, వేడి యొక్కటియే” యని నవ్వెను.

అంతలో వంటయింటి గడపనుండి అచ్చమైన తెలుగు వినబడెను. “మాస్టారూ, టీ తెచ్చినాను. పిల్లలకి మరమరాలు ఎట్టమంటారేటి?” అని చిన్నకోడలు అడుగుచుండెను. మేమందరము ఆశ్చర్యముతో అటు చూచితిమి. ఆమె పుట్టినిల్లు పర్లాకిమిడియట. అంగడి గూటిలో నల్లగా నిగనిగలాడు కొమ్ముపని కొంగ యొకటి యున్నది. అది ఆమె తనతో తెచ్చుకొన్నది. పశువుల కొమ్ములను కాచి, చెక్కి పక్షులను, జంతువులను చేయుటలో పర్లాకిమిడి పనివారిది అందెవేసిన చేయి. ఆ యూరి పేరు వినగానే తెలుగు ఉపాధ్యాయునికి గిడుగు రామమూర్తిగారు స్ఫురింపక మానరు. ఆయన అచ్చట బడిపంతులుగా నుండి పాఠములు చెప్పుకొనుటతో తృప్తిపడక కొండలలోని సవరల భాషను నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చిన మహనీయుడు. ఈ సంగతి చెప్పగా ఆమె, “మా యూరోళ్లే గదా” యని తన పినతండ్రిని గూర్చి చెప్పినట్లు సంతోషించెను.

పిదప ఆమె కొంచెము సంకోచించి తన కుమారుని చూపి, “మా గుంటడికి తెలుగు తెలుస్తాది మాస్టారూ, నోటికి రాదు. మా అమ్మ వస్తే అది తెలుగులో అడుగుతాది, వీడు ఒడియాలో చెప్తాడు. ఇద్దరూ నన్ను చూస్తారు. అచ్చరాలు పుస్తకం ఒకటి దొరికితే పంపండి” అనెను. ఆ బాలుడు తల వంచుకొని, చేతిలోని చేప తోకను ఆడించుచు నిలిచియుండెను. మేము చూచినంతసేపు వాడు మా మాట లన్నియు వినుచునే యుండెను, నవ్వవలసినచోట నవ్వెను, ఒక్క మాటయు పలుకలేదు.

ఆ మౌనము నాకు కొత్తది కాదు. బరంపురమున తెలుగు వీధులలో పెరిగి, ఉపాధ్యాయ శిక్షణకై సరిహద్దు దాటి ఆంధ్రదేశమునకు పోయినప్పుడు నా తోడి విద్యార్థులు నా తెలుగులో ఒడియా యాస నేరుచుండిరి. మరలి వచ్చిన పిదప ఇచటి మిత్రులు నా ఒడియాలో తెలుగు యాస నేరుచున్నారు. మాటాడినచో నవ్వుదురను భయమున పలుకకుండుట సులభము. ఇంటిలో అర్థమగుచు నోట రాని భాష, మరుతరమున అర్థము కూడ కాదు. మా తెలుగు తరగతిలో ఒకప్పుడు చాలక తెచ్చి వేసికొన్న బల్లలు నేడు గోడవార ఖాళీగా నున్నవి. ఆ బాలుని చూచినప్పుడు నాకు ఆ బల్లలే కనబడెను.

వృద్ధుని దిగులు వేరు. ఆయన చూపు కూడ ఆ మనుమని మీదనే యున్నది, కాని వ్రేళ్లమీద. చిన్న కుమారుడు ఇత్తడి పని విడిచి ఇనుపపనిలో ప్రవేశించెను. తోటలలో, విడిదిగృహముల ముంగిళ్లలో నిలుపుటకు జింకలను, కొంగలను కోరువారు ఇటీవల హెచ్చిరి. ఒక చేపను కూర్చుటకు పట్టు దినములలో అతడు ఒక జింకను నిలువబెట్టగలడు. వచ్చు సొమ్మును ఎక్కువ. “కీళ్లు లేని జంతువులు” అని వృద్ధుడు వానిని చూచి పెదవి విరచెను. కుమారుడు కోపగించలేదు. “కీళ్లు లేకున్నను వాని కాళ్లమీదనే ఈ యిల్లు నిలిచియున్నది, బాపా! జింక అమ్మిన డబ్బుతోనే నీ చేపకు ఇత్తడి కొంటిమి” అనెను. తండ్రి మారు పలుకలేదు. ఇద్దరి మాటలందును నిజమున్నది. ఇంటనుండి కొలిమి పోకుండ కాపాడుచున్నది ఇనుపజింక. కాని ఆ కొలిమిలో రేపు చేప పుట్టవలెనన్న, పదేండ్ల వ్రేళ్లు ఇప్పుడే అలవాటు పడవలెను. ముదిరిన వ్రేళ్లకు ఆ పొలుసులు లొంగవట.

పాఠశాలకై ఒక చేపను కొంటిమి. దానిని కాగితమున చుట్టుచు వృద్ధుడు, “దీనిని ఎచ్చట నుంతురు?” అని యడిగెను. బహుమానపు పాత్రలుంచు అద్దాల బీరువా యున్నదని మావారొకరు చెప్పిరి. ఆయన చుట్టుట మాని చేపను బయటికి దీసెను. “బీరువాలో పెట్టినచో ఏటికేడు దాని కీళ్లలో చిలుము పట్టును. పచ్చని చిలుము వలయముల సందులలో నిండి గట్టిపడును. చూచుటకు చేపయే, ఎత్తినచో కఱ్ఱ. దినమున కొకసారి ఎవరైన చేత బట్టి ఆడింపుడు. పిల్లలు పట్టుకొన్న ఇత్తడికి ముసలితనము లేదు” అని, పిడికెడు చింతపండును కూడ పొట్లము గట్టి యిచ్చెను. మేము ధర చెల్లించితిమి. చింతపండునకు ఆయన సొమ్ము పుచ్చుకొనలేదు.

ఆ చేప ఇప్పుడు మా తెలుగు తరగతి బల్లమీద నున్నది. ప్రొద్దుట మొదట వచ్చినవారు దానిని చేతబట్టి రెండుమార్లు ఆడించి పలకరింతురు. నెలకొకసారి చింతపండుతో తోముట వంతులవారి పని. పిల్లలు దానికి పేరు కూడ పెట్టిరి. ఆ పేరు ఉపాధ్యాయులకు చెప్పరట.

ఊరు చేరిన వారమునకే ఒక తెలుగు వాచకమును, గుణింతముల పుస్తకమును బెలగుంఠకు పంపితిని. చాలకాలము జాబు లేదు. వేసవి సెలవులకు ముందు ఒక కవరు వచ్చెను. అందు గీతల కాగితముమీద పెన్సిలుతో పెద్ద పెద్ద అక్షరములు వ్రాసియున్నవి. “మాస్టారుకి దండాలు. నేను సేప తోక సేసినాను. జేజే బాగుంది అన్నాడు.” వత్తులు లేవు, కొమ్ములు వంకరగా నున్నవి. తల్లి పలికినట్లే వాడు వ్రాసెను. అలవాటు చొప్పున ఎఱ్ఱసిరా కలము చేతికి వచ్చెను. మూత తీయకయే దానిని జేబులో పెట్టుకొంటిని. ఆ కాగితము మా తరగతి గోడమీద అతికించియున్నది. ఈ సంచిక చదువు పూర్వవిద్యార్థులు పాఠశాలకు వచ్చినప్పుడు దానిని చదువవచ్చును. చేపను కూడ ఒకసారి ఎత్తి చూడవచ్చును.